పన్నెండు మందితో ఓడ ప్రయాణమా? ముందు మీ నాయన నడక లెక్కపెట్టండి

తమ్ముడూ, జడ్చర్ల నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇంటిల్లిపాదీ పన్నెండు మంది, దసరా సెలవుల్లో ఓడ ఎక్కాలని ఉంది, ముంబై ఓడ మంచిదా సింగపూర్ ఓడ మంచిదా అని అడిగారు. నాయనకు 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, చేతికర్ర. అమ్మకు 70, రోజూ ఇన్సులిన్. ఒంటరిగా ఉంటున్న మేనత్త. మీరిద్దరు, 14 ఏళ్ల పాప, 9 ఏళ్ల బాబు. చెల్లెలు, ఆమె భర్త, వాళ్ల 3 ఏళ్ల బుడ్డోడు. తమ్ముడు, మరదలు. చివర్లో ఒక ముక్క కలిపారు, మరదలికి ఇప్పుడు నాలుగో నెల అని.

ఆ చివరి ముక్కతోనే మొదలుపెడతాను. దసరా నాటికి ఆమెకు ఏడో నెల నడుస్తుంటుంది. 24వ వారంలో పడిన గర్భిణిని దాదాపు ఏ ఓడ కంపెనీ ఎక్కించుకోదు. ఎక్కే రోజుకు కాదు, దిగే రోజుకు లెక్క చూస్తారు. డాక్టర్ చీటీ తెచ్చినా, బతిమాలినా రేవు దగ్గర వెనక్కి పంపుతారు, డబ్బులు రావు. నడిసముద్రంలో కాన్పు నొప్పులు మొదలైతే ఓడలో ఉండేది చిన్న వైద్యశాల. పెద్దాసుపత్రికి చేర్చడానికి గంటలు పట్టొచ్చు, అందుకే ఆ నిబంధన. ఇంకోటి, పుట్టిన బిడ్డకు చాలా ఓడల్లో కనీసం 6 నెలలు నిండాలి. కాబట్టి ఈ దసరాకు ఓడ మాట వదిలేయండి. ఆమెను ఇంట్లో ఉంచి మిగతా పదకొండు మంది వెళ్దామని ఎవరైనా అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఫొటోలు చూసినప్పుడల్లా ఆమె లేని సంగతే కనబడుతుంది.

కాన్పు డిసెంబర్ చివర అనుకుంటే, వచ్చే ఏడాది దసరాకు బిడ్డకు తొమ్మిది నెలలు దాటుతాయి, ఆ తర్వాతి సంక్రాంతికి ఏడాది. నా ఓటు ఆ సంక్రాంతికే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రం వానగాలులతో ఊగిపోతుంది. అక్టోబర్, నవంబర్ నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం, చెన్నై వైపు ఓడలకు అది భయం. జనవరిలో ముంబై, గోవా తీరం నిలకడగా ఉంటుంది. స్కూలు సెలవులు తక్కువ కదా అంటారేమో, మొదటి ప్రయాణానికి మూడు రాత్రులు చాలు. ఏడు రాత్రుల ఓడ చవకగా వస్తుందని ఎవరైనా ఊరించినా తొందరపడకండి. మీ నాయనకు ఓడ పడుతుందో లేదో మూడో రోజుకే తెలుస్తుంది, మిగతా నాలుగు రోజులు దిగడానికి వీలుండదు.

నా సంగతి చెప్పకుండా సలహా ఇవ్వడం సరికాదు. మాది మహబూబ్‌నగర్. పద్దెనిమిదేళ్లుగా మన వైపు కుటుంబాలను యాత్రలకు తీసుకుపోతున్నాను. కాశీ, రామేశ్వరం, షిర్డీ బస్సులతో మొదలై 2016 నుంచి ఓడలు కూడా. మొదట్లో నాకూ ఓడంటే ఈతకొలను, నాటకశాల, తొమ్మిది రకాల తిండి అనే అనిపించేది. మనుషులను తీసుకుపోతున్నకొద్దీ నా లెక్క మారింది. ఇప్పుడు ఏ కుటుంబం వచ్చినా ఒక్కటే అడుగుతాను, మీ ఇంట్లో అందరికంటే నిదానంగా నడిచేది ఎవరు? ఆ మనిషికి పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఓడలో ఎట్లా గడుస్తుందో గంట గంటా ఊహించుకోండి. ఆ మనిషికి సరిపడే ఓడే మీ పన్నెండు మందికీ ఓడ. పిల్లలు ఎక్కడైనా ఆడుకుంటారు.

మీ ఇంట్లో అది మీ నాయన. ఫోన్లో అడుగులు లెక్కపెట్టేది ఉంటుంది కదా, అది ఆయన జేబులో వేసి ఒక మామూలు రోజంతా ఉంచండి. ఎందుకో చెప్తాను. సింగపూర్ నుంచి బయలుదేరే రాయల్ కరీబియన్ కంపెనీ వాళ్ల క్వాంటమ్ తరగతి పెద్ద ఓడల పొడవు దాదాపు 348 మీటర్లు. గది ముందు కొసన, భోజనశాల వెనక కొసన పడితే ఒక్క విడతకే పావు కిలోమీటరు. మూడు పూటలు పోయి రావాలంటే కిలోమీటరున్నర. మీ జడ్చర్ల ఇంట్లో ఆయన రోజు మొత్తం అంత నడుస్తున్నాడా? నడవకపోతే గది ఓడ మధ్యలో, లిఫ్టుకు దగ్గరలో ఉండి తీరాలి. చక్రాల కుర్చీ కావాలంటే సొంతది పట్టుకెళ్లండి. ఓడలో ఉండేవి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, అత్యవసరంలో వాడటానికే, రోజంతా మన దగ్గర ఉంచరు. రేవులో వరుసలు గంటల తరబడి సాగుతాయి, కుర్చీ సాయం కావాలని బుకింగ్ రోజే రాయించండి.

ఓడ మధ్యభాగానికి ఇంకో లాభం ఉంది. తక్కెడ కాడ మధ్యభాగంలాగా అది తక్కువ కదులుతుంది. ముందు, వెనక కొసలు లేచి పడతాయి, పైఅంతస్తులు పక్కలకు ఊగుతాయి. కడుపులో తిప్పే వాళ్లకు మధ్యలో, కింది అంతస్తులో గది మంచిది. ఈతకొలను ఉన్న అంతస్తుకు సరిగ్గా కింద మాత్రం తీసుకోకండి, తెల్లవారుజామునే నెత్తిమీద కుర్చీలు ఈడ్చే చప్పుడు. వాంతుల మాత్ర మీ అమ్మకు, నాయనకు పడుతుందో లేదో మీ డాక్టర్‌ను ముందే అడగండి, పెద్దవాళ్లకు వాటితో మగత వస్తుంది, మగతలో అడుగు తడబడుతుంది.

పడిపోవడం అంటే నాకు గుర్తొచ్చేది స్నానాలగది గడప. చాలా ఓడల్లో గదికీ స్నానాలగదికీ మధ్య నాలుగైదు అంగుళాల ఇనుప గట్టు ఉంటుంది, నీళ్లు గదిలోకి రాకుండా. నేల రంగే దానికీ ఉంటుంది. మన ఇళ్లలో గడపకు పసుపు పూసి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ల కాలు చీకట్లో కూడా దానంతటదే లేస్తుంది. ఓడలో లేవదు. కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మొదటి రాత్రే అక్కడ కాలు తట్టుకుని మంచం పట్టుకుని నిలబడింది, దేవుడి దయ వల్ల దెబ్బ తగల్లేదు. తెల్లారి చూస్తే ఆమె ముడుపు సంచిలోంచి పసుపు తీసి, కాస్త నీళ్లతో కలిపి, ఆ ఇనుప గట్టుకు ఈ కొస నుంచి ఆ కొసదాకా పూసి, మధ్యలో మూడు కుంకుమ బొట్లు పెట్టింది. గది శుభ్రం చేసే అబ్బాయి ఫిలిప్పీన్స్ వాడు. ఎందుకని సైగతో అడిగాడు, ఆమె తన పాదం చూపించింది. నాలుగు రోజులూ వాడు దాన్ని చెరపకుండా చుట్టూ తుడిచాడు. అప్పటి నుంచి నా సంచిలో ఒక పసుపురంగు టేపు చుట్ట, రాత్రి వెలిగే చిన్న బ్యాటరీ దీపం ఉంటాయి. మీరూ పెట్టుకోండి. అవసరమైతే గట్టు లేకుండా, పట్టుకునే కమ్మీలతో కట్టిన ప్రత్యేక గదులు కూడా ఉంటాయి, అవి చాలా తక్కువ, ఏడాది ముందే అయిపోతాయి. మీకు ఏడాదిపైన సమయం ఉంది కాబట్టి ముందు అవే అడగండి.

ఇక గదుల పంపకం. ఓడ ఎంపిక కంటే దీనిమీదే ఎక్కువసేపు కూర్చోవాలి. మీకు ఐదు గదులు కావాలి. అమ్మానాయనలకు ఒకటి. మేనత్తకు, మీ పెద్దపాపకు కలిపి ఒకటి. ఓడల్లో ధర గదికి ఇద్దరు లెక్కన ఒక్కొక్కరికి చెప్తారు, మేనత్త ఒక్కతే ఉంటే ఇంచుమించు రెండో మనిషి డబ్బు కూడా ఆమె మీదే పడుతుంది. పాపను ఆమెతో పెడితే ఖర్చూ కలిసొస్తుంది, ఇద్దరికీ తోడూ ఉంటుంది. మీరిద్దరు, బాబు ఒకటి. చెల్లెలి కుటుంబం ఒకటి. తమ్ముడు, మరదలు, కొత్త బిడ్డ ఒకటి, ఉయ్యాల మంచం ముందే అడగాలి. మూడో మనిషికి ఇచ్చే పడక చాలాచోట్ల పైకప్పు నుంచి దిగేది, నిచ్చెన ఎక్కాలి, కాబట్టి మేనత్తను అమ్మావాళ్ల గదిలో మూడో మనిషిగా సర్దుదామని అనుకోవద్దు.

ఐదింటిలో ఒక్కదానికే బాల్కనీ కొనగలిగితే అది అమ్మానాయనల గదికే. మిగతావి నడవాకు అటువైపు, సరిగ్గా వాళ్ల తలుపు ఎదురుగా, కిటికీ లేని లోపలి గదులు తీసుకోవచ్చు, వాటి ధర బాగా తక్కువ. పొద్దున చాయ్ అందరూ పెద్దవాళ్ల బాల్కనీలోనే తాగుతారు, చూడండి. పెద్దవాళ్లను మాత్రం లోపలి గదిలో పెట్టకండి. దీపం ఆర్పితే ఆ గదుల్లో కన్ను పొడుచుకున్నా కనబడదు, పొద్దుపొడిచిందో లేదో తెలియక పెద్దవాళ్లు తికమకపడతారు. బాల్కనీ తలుపుకు పైన గొళ్లెం ఉంటుంది, 3 ఏళ్ల వాడికి అందదు కానీ వాడు కుర్చీ జరుపుకోగలడు. బాల్కనీ కుర్చీలు కమ్మీకి దూరంగా ఉంచండి, ఒక్క నిమిషం కూడా వాణ్ని అక్కడ ఒంటరిగా వదలకండి.

బుకింగ్‌లో నేను మోసపోయింది కూడా ఇక్కడే, మీకు తెలియాలని చెప్తున్నాను. తొలినాళ్లలో ఒక పెద్ద ఏజెన్సీ ద్వారా గదులు తీసుకున్నాను, అన్నీ పక్కపక్కనే అని నోటిమాట ఇచ్చారు. చేతికొచ్చిన కాగితంలో గది నంబర్లు లేవు, గ్యారంటీ క్యాబిన్ అని ఉంది. గ్యారంటీ అంటే పక్కా అనుకున్నాను. దాని అర్థం వేరు. ఫలానా రకం గది ఒకటి ఇస్తామన్నది మాత్రమే గ్యారంటీ, ఎక్కడ ఇస్తారో ఓడవాళ్ల ఇష్టం. తీరా ఎక్కితే తల్లి నాలుగో అంతస్తులో, కొడుకు తొమ్మిదిలో. ఆమెకు లిఫ్టు బటన్లు చదవడం రాదు. మూడు రాత్రులు నేను ఆమె గదిలో నేలమీద పడుకున్నాను. కాబట్టి ఐదు గదుల నంబర్లు కాగితం మీద చూసి, ఓడ అంతస్తుల పటంలో వేలుపెట్టి వెతికి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

ఇప్పుడు మీరు అడిగిన ముంబైనా, సింగపూరా. ముంబై నుంచి కార్డీలియా కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ 2021 సెప్టెంబర్‌లో మొదలైంది. 1990లో కట్టిన ఓడ, పొడవు 211 మీటర్లు, ఇప్పటి లెక్కన చిన్నదే. కానీ నాయన నడకకు చిన్న ఓడే మేలు. ఎటు తిరిగినా మన మనుషులే, శాకాహారం, జైన భోజనం దొరుకుతాయి, మన దేశంలోని రేవుల మధ్యే తిరిగే ప్రయాణానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు చాలు. సింగపూర్ నుంచి వెళ్లే పెద్ద ఓడలు 1,50,000 టన్నుల పైమాటే. ఈ టన్నులు బరువు కాదు, ఓడ లోపలి జాగా కొలత. పిల్లలకు అవి స్వర్గం. కానీ దానికి ముందు శంషాబాద్ దాకా కారు, విమానం, వలస అధికారుల వరుస, హోటల్, మళ్లీ రేవు. పన్నెండు పాస్‌పోర్టులు, కొత్త బిడ్డకు కూడా ఒకటి. మన పెద్దవాళ్ల ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది, అది సరిచేయడానికే నెలలు పడుతుంది. ఓడ బయటికి పోయి తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు.

నేనైతే మీ కుటుంబానికి మొదటిసారి ముంబై నుంచి గోవా పోయి వచ్చే చిన్న ప్రయాణమే చెప్తాను. గోవాలో ఓడ మార్ముగోవా రేవు గట్టుకు ఆనుకుని ఆగుతుంది, వంతెన మీదుగా దిగొచ్చు. లక్షద్వీప్ ఫొటోలు చూసి అటు మొగ్గకండి. అక్కడ ఓడ దూరంగా లంగరు వేస్తుంది, చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు పోవాలి. ఓడ ఒక తీరున, పడవ ఒక తీరున ఊగుతుంటాయి, రెండూ ఒక మట్టానికి వచ్చిన క్షణంలో సిబ్బంది రెక్క పట్టుకుని దాటిస్తారు. చేతికర్ర ఉన్న మనిషికి ఆ ఒక్క అడుగు చాలా పెద్దది. ఏ ప్రయాణం చూసినా ఏజెంటును ఈ ప్రశ్న అడగండి, ప్రతి ఊళ్లో ఓడ గట్టుకు ఆగుతుందా, పడవలో దింపుతారా?

అందరూ సింగపూర్ అనే పట్టుబడితే మలేషియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్ రేవుల వైపు చూడండి. అటు పోయే మలక్కా జలసంధికి సుమత్రా దీవి అడ్డుగోడలా ఉంటుంది కాబట్టి నీళ్లు నిదానంగా ఉంటాయి. డిసెంబర్, జనవరిలో వియత్నాం వైపు సముద్రానికి ఈశాన్య గాలులు తగులుతాయి, అటు వద్దు.

ఖర్చులో టికెట్ ధర మొదటి మెట్టు మాత్రమే. రేవు పన్నులు వేరు, వైఫై వేరు. అమెరికా కంపెనీల ఓడల్లో సిబ్బందికి ఇచ్చే బక్షీసు మనిషికి రోజుకు ఇంత అని డాలర్లలో గది ఖాతాలోనే రాసేస్తారు. ఉదాహరణకు 16 డాలర్ల చొప్పున పన్నెండు మందికి నాలుగు రాత్రులంటే 768 డాలర్లు. పిల్లలకూ వేస్తారు. విదేశీ ప్యాకేజీకి ఏజెన్సీ ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్, ఎవరి పాన్ మీద పడుతుందో చూసుకోండి, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. వైద్యశాల బిల్లు కూడా గది ఖాతాలోనే పడుతుంది, ఓడ దిగేలోపు కట్టి తర్వాత బీమాలో తెచ్చుకోవాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అమ్మ షుగర్, నాయన మోకాళ్లు దాచకుండా రాయించండి. దాచితే ఆ బీమా కాగితం అవసరం పడ్డప్పుడు పనికిరాదు.

అమ్మ ఇన్సులిన్ చేతిసంచిలోనే. పెద్ద పెట్టెలు రేవులో తీసుకుని గదికి సాయంత్రానికి గానీ చేర్చరు. భోజనానికి రెండు విడతలుంటే ముందు విడత తీసుకోండి, రాత్రి తొమ్మిదింటి విడత ఇన్సులిన్ మనిషికి పనికిరాదు. ఇంట్లో వండిన సద్ది, సీసాలో పోసిన పచ్చడి రేవు దగ్గరే ఆపేస్తారు. కంపెనీ సీలుతో ఉన్న పొడులు చాలాచోట్ల పోనిస్తారు. కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె తీసుకుపోవద్దు.

ఒక మాట ఆడవాళ్ల గురించి. మన ఇళ్లలో యాత్ర అంటే కోడళ్లు, కూతుళ్లు వేరే ఊళ్లో అదే చాకిరీ చేయడం. ఓడలో వంట లేదు, గిన్నెలు లేవు, కానీ పిల్లలు ఉన్నారు. పిల్లల క్లబ్బులో సాధారణంగా 3 ఏళ్లు నిండి, డైపర్ మానిన వాళ్లనే తీసుకుంటారు. చెల్లెలి కొడుకుకు అప్పటికి ఆ అలవాటు అయ్యేట్టు చూసుకోండి. డైపర్ వేసే పసివాళ్లను ఈతకొలనులోకి కూడా రానివ్వరు. పసిబిడ్డను రోజుకు రెండు గంటలు మగవాళ్లు చూసుకోవాలని ఇప్పుడే అనుకుని రాసుకోండి. పన్నెండు మందీ రోజంతా కలిసి తిరగనక్కర్లేదు, రాత్రి భోజనం ఒక్కటి కలిసి తింటే చాలు. గోవాలో ఓడ ఆగిన రోజు కుర్రాళ్లను ఊళ్లోకి పోనివ్వండి, పెద్దవాళ్లు ఓడలోనే ఉండొచ్చు. జనమంతా దిగిపోయాక ఆ ఓడ ఎంత నిమ్మళంగా ఉంటుందో చెప్పలేను.

మా నాయన పాలమూరు కూలీగా నాగార్జునసాగర్ డ్యామ్‌కు రాళ్లు మోసిన మనిషి. 75వ ఏట నాతో ఓడ ఎక్కాడు. ఒక్క ఆటా చూడలేదు, ఒక్క కొత్త కూరా తినలేదు. జనం ఊళ్లోకి పోయిన ఆ పూట కమ్మీ పట్టుకుని నిలబడి, చాలాసేపటికి, దీనికి కట్ట ఎక్కడుంది బిడ్డా అని అడిగాడు. కట్ట లేదు నాయనా అన్నాను. చీకటి పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఈ దసరాకు మీ పన్నెండు మంది సోమశిల పోండి. కొల్లాపూర్ దాటితే కృష్ణ ఒడ్డు. వరద వచ్చి శ్రీశైలం జలాశయం నిండి ఉంటే తెలంగాణ పర్యాటక సంస్థ లాంచీ అక్కడి నుంచి శ్రీశైలం దాకా పోతుంది, దాదాపు ఏడు గంటలు. నీళ్లు తక్కువుంటే నడపరు, బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మరదలికి ఆ నెలలో అంతసేపు వద్దు, ఒడ్డున చిన్న పడవ షికారు కూడా డాక్టర్ సరేనంటేనే. లాంచీలో అమ్మకు కడుపులో తిప్పిందా, నాయన మెట్లు ఎట్లా ఎక్కాడు, బుడ్డోడు ఎన్ని గంటలకు విసిగాడు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఇవన్నీ చూసి ఒక కాగితం మీద రాసుకోండి. నాయన జేబులోని అడుగుల లెక్కతో పాటు ఆ కాగితం ఇక్కడ పెట్టండి, ఓడ అంతస్తుల పటం ముందేసుకుని ఐదు గదులు ఎక్కడ తీసుకోవాలో కలిసి చూద్దాం.